దేవుడికి అప్పగించిన ఫిర్యాదు

ఒక మనిషి మీద నేను ఆరేళ్ళపాటు పగ తీర్చుకోకుండా ఉన్నాను. మా సంఘంలో దీన్ని నా విశ్వాసానికి గుర్తుగా చెప్పుకుంటారు. అసలు సంగతి నాకు తెలుసు, దేవుడికి తెలుసు. మూడోవాళ్ళకి చెప్పడం ఇదే మొదలు.

మాది రాజోలు దగ్గర, గోదావరి గట్టుకి ఏటివైపున ఉన్న ఊరు. నాన్న కొబ్బరికాయలు ఒలిచే పని చేసేవాడు. నేను మిషను కుడతాను. పెళ్ళయిన నాలుగేళ్ళకి నా భర్త ఇంకో ఊళ్ళో ఇంకో కాపురం పెట్టుకోవడంతో పుట్టింటికి వచ్చేశాను. మా వీధిలో గల్ఫు వెళ్ళని ఇల్లు లేదు కాబట్టి, కొన్నాళ్ళకి నేనూ వెళతానన్నాను. ఆడవాళ్ళని అక్కడికి పంపించే ఏజెంటు మా ఊళ్ళోనే ఉండేవాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఎవరినైనా గారూ అండీ అంటూ మాట్లాడే మర్యాదస్తుడు.

“టైలరింగ్ షాపండి. ఏసీలో కూర్చుని కుట్టుకోవడమే. ఆయ్,” అన్నాడు మా అమ్మతో.

మస్కట్‌లో నన్ను దింపిన ఇంట్లో కుట్టుమిషను ఉన్నమాట నిజమే. దాని మీద గుడ్డ కప్పి ఉండేది. ఆ గుడ్డ దులపడం నా పని. అది కాక తొమ్మిదిమంది బట్టలు, అంట్లు, మూడంతస్తుల మెట్లు, ఇంటి వెనక మేకలు. ఇంటావిడని అక్కడ ‘మామా’ అని పిలవాలి. మన దగ్గర మామ అంటే ఎవరో మీకు తెలుసు, అందుకని మొదటివారం నాకు ఆ పిలుపు నోట్లోంచి రాలేదు. ఆవిడ చెడ్డ మనిషేం కాదు. నా ఫోను మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. నెలకోసారి ఏజెంటు ఆవిడకి ఫోను చేసేవాడు. అప్పుడు రెండు నిమిషాలు నా చేతికిచ్చేది. ఇంటి కబుర్లు ఆయన నాకు చెప్పేవాడు, నా కబుర్లు ఇంట్లోవాళ్ళకి చెప్పేవాడు. మా మధ్య ఉన్న తీగ ఆయనొక్కడే.

రెండో ఏడు అమ్మకి కిడ్నీలు పాడయ్యాయి. అమలాపురం ఆసుపత్రిలో పదిరోజులుంది. అన్నయ్య ఏజెంటు ఇంటికి పరిగెత్తి, చెల్లికి చెప్పి ఎలాగైనా పంపించమని బతిమాలాడట. మర్నాడు ఏజెంటే ఆసుపత్రికి వచ్చి, “చెప్పేనండి. పాపం ఫోన్లో ఏడ్చిందండి. ఇప్పుడొస్తే మళ్ళీ ఆ పని దొరకదు, రాలేనందండి,” అని చెప్పి వెళ్ళాడట. అమ్మ పోయింది. సమాధి చేశారు. నా బదులు పిన్ని కూతురు మట్టి వేసింది.

నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. మధ్యలో నన్ను పంపించేస్తే ఆ ఇంటివాళ్ళు ఇంకో మనిషిని తెమ్మని తన మెడ మీద కూర్చుంటారని ఆయన భయం. అంతే. తరవాత నాలుగు నెలలు కూడా మామూలుగానే ఫోను చేశాడు.

“అందరూ బాగున్నారమ్మా. అమ్మగారు నిన్నే అడుగుతున్నారు.”

ఏం అడుగుతోందని నేను అడిగితే, “బాగా తింటున్నావా లేదా అనేనమ్మా,” అన్నాడు. సమాధిలో ఉన్న మా అమ్మ నా తిండి గురించి నాలుగుసార్లు అడిగింది. నేను నాలుగుసార్లూ బాగా తింటున్నానని జవాబు పంపాను.

ఒప్పందం రెండేళ్ళూ నిండాక వచ్చేశాను. అమ్మకోసం మందపాటి దుప్పటి ఒకటి తెచ్చాను. దాని మీద పెద్ద పులిబొమ్మ. ఆటో దిగి, గుమ్మంలోంచే “అమ్మా” అని కేకేశాను. వంటింట్లోంచి వదిన వచ్చింది. నన్నూ, దుప్పటినీ చూసి, “ఎవర్ని పిలుస్తున్నావమ్మాయ్? అప్పుడు లేని తీరిక ఇప్పుడు దొరికిందా?” అంది. ఆ తరవాత గోడమీద ఫోటో చూశాను.

నాకు తెలియదని ఒట్టు వేశాను. ఏజెంటుని పిలిపించారు. ఆయన నావైపు జాలిగా చూసి, “బాధలో మర్చిపోయిందండి. ఆ రోజు ఎంత ఏడ్చిందో నాకు తెలుసు,” అన్నాడు. అంత మర్యాదగా అబద్ధమాడేవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. అన్నయ్య నన్ను నమ్మాడు. వదిన సగం నమ్మింది. నాన్న నమ్మేడో లేదో తెలియనివ్వలేదు. అప్పట్నించీ నా దగ్గర అమ్మ పేరెత్తడం మానేశాడు. నేను వస్తే లేచి అరుగు మీదికి వెళ్ళిపోయేవాడు.

అన్నయ్య ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని కర్ర పట్టుకుని బయల్దేరిన సాయంత్రం మా పాస్టరుగారు ఎదురొచ్చి ఆపారు. మా ఇంట్లో కూర్చోబెట్టి, “పగ మన పని కాదు బాబూ. అది దేవుడికి వదిలెయ్. ఆయన న్యాయం ఆయన చేస్తాడు,” అన్నారు. అన్నయ్య నావైపు చూశాడు, నువ్వేమంటావన్నట్టు.

“దేవుడికే వదిలేద్దాం అన్నయ్యా,” అన్నాను.

పాస్టరుగారి కళ్ళు చెమ్మగిల్లాయి. నా లెక్క ఆయనకి తెలియదు. అన్నయ్య కొడితే వారంలో కట్టు విప్పేస్తారు. దేవుడు కొడితే మళ్ళీ లేవడు. నేను న్యాయాన్ని వదులుకోలేదు, ఇంకాస్త పెద్ద చేతిలో పెట్టానంతే. ఆ సాయంత్రం మోకాళ్ళ మీద కూర్చుని, ఏమేం చెయ్యొచ్చో దేవుడికి మూడు నాలుగు సలహాలు కూడా ఇచ్చాను.

తరవాత ఎదురుచూడడం మొదలుపెట్టాను. పొద్దున్నే పాలకి వెళ్ళేటప్పుడు కావాలని ఏజెంటు ఇంటిముందు నుంచి వెళ్ళేదాన్ని, ఏమైనా జరిగిందేమోనని. జరిగినవి ఇవి: ఆయన డాబా మీద డాబా వేశాడు. కూతురికి కాకినాడలో ఇంజినీరింగ్ సీటు వచ్చింది. పెరట్లో కొత్తగా వేసిన మొక్కలు కూడా ఊళ్ళో అందరికంటే ముందు కాపుకొచ్చాయి.

మూడో ఏట వరద వచ్చింది. గోదావరి ఎర్రగా పొంగి లంకలన్నీ ముంచుతుంటే, దేవుడు బయల్దేరాడనుకున్నాను. నీళ్ళు మా ఇంట్లోకి నడుంలోతు వచ్చాయి. మిషను అటక మీదకి ఎక్కించి, నాన్నని అన్నయ్య భుజాల మీద కూర్చోబెట్టుకుని బయటపడ్డాం. పడవవాడు మమ్మల్ని తీసుకెళ్ళి ఏజెంటు డాబా దగ్గర దింపాడు, వీధిలో నీళ్ళకి అందనిది అదొక్కటే కాబట్టి. నీళ్ళు ఆయన మూడో మెట్టు దగ్గర ఆగిపోయాయి. మూడురోజులు ఆయన డాబా మీద, ఆయన వేసిన టార్పాలిన్ కింద, ఆయన భార్య చేసిన పులిహోర తిన్నాం.

“ఇంకాస్త వేసుకోండి, మొహమాటపడకండి,” అనేవాడు ఏజెంటు. ఆకలి అవమానాన్ని పట్టించుకోదు. వేసుకున్నాను.

ఈలోగా నేను కూడా ఊరికే కూర్చోలేదని ఒప్పుకోవాలి. ఆయన భార్య జాకెట్లు నా దగ్గరే కుట్టించుకునేది. పెద్ద న్యాయం దేవుడికి అప్పగించాను గానీ, చిన్నచిన్నవి నా చేతిలోనే ఉంచుకున్నాను. కొలత రాసుకున్నదానికంటే చంక దగ్గర అరంగుళం బిగించి కుట్టేదాన్ని. “ఈమద్దెన ఒళ్ళొచ్చేసిందనుకుంటానమ్మాయ్,” అని ఆ అమాయకురాలు రాత్రి అన్నం మానేసి చపాతీలు మొదలుపెట్టింది. ఆవిడ నాకు ఏ అపకారమూ చెయ్యలేదు. ఆవిడ చిక్కుతుంటే నాకు సిగ్గేసింది. అయినా రెండేళ్ళు అలాగే కుట్టాను.

ఆరో ఏట, చలికాలంలో ఒక పొద్దున ఏజెంటు భార్య పరిగెత్తుకుంటూ వచ్చింది. “ఈయన మూతి వంకరపోయిందమ్మాయ్! లేచేసరికి ఎడంపక్కకి తిరిగిపోయి ఉంది. కన్ను మూతపడ్డం లేదు. నీళ్ళు తాగితే కారిపోతన్నాయి,” అని ఏడ్చింది.

ఎన్ని అవయవాలున్నాయి మనిషికి! దేవుడు నోరే ఎంచుకున్నాడు. అబద్ధమాడిన నోరు. నేనిచ్చిన సలహాల్లో ఇది లేదు, ఇంత బాగా నాకు తట్టలేదు. ఆ ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడి, “నా ప్రార్థన ఆలకించిన దేవుడికి స్తోత్రం” అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. ఏ ప్రార్థన అని ఒక్కరూ అడగలేదు.

తొందరపడ్డాను. మంగళవారం ఆవిడ మళ్ళీ వచ్చింది. “డాక్టరుగారు మందులిచ్చేరు గానీ ఈయన బాగా బెదిరిపోయేరు. మీ పాస్టరుగారి చేత ప్రార్థన చేయించవా అమ్మాయ్? నువ్వు చెబితే వస్తారు.” కాదనడానికి ఏ కారణమూ దొరకలేదు. దొరికినది బయటికి చెప్పేది కాదు. పాస్టరుగారిని నేనే వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన ఏజెంటు తలమీద చెయ్యిపెట్టి, నన్ను కూడా మోకరించమన్నారు. దేవా ఈ బిడ్డ నోరు బాగుచెయ్యి అని ఆయన అంటుంటే, పక్కన ఉన్న నేను ఆమేన్ అనాలి. అన్నాను. గట్టిగా అనలేదు, అంతే.

ఆరువారాల్లో మూతి చక్కబడింది. మందులు వాడితే ఆరువారాల్లో చక్కబడుతుందని అమలాపురం డాక్టరుగారు మొదటిరోజే చెప్పారు. ఆ మాట గుర్తున్నది ఊరంతటిలో నాకొక్కదానికే. ఏజెంటు మాత్రం కదిలిపోయాడు. మా సంఘానికి రావడం మొదలుపెట్టాడు. ఏజెంటు పని మానేసి కొబ్బరి వ్యాపారంలో దిగాడు. వేసవిలో పంటకాలవలో బాప్తిస్మం తీసుకున్నాడు. నిన్నటిదాకా ఏజెంటుగారు, ఆ పూట నుంచి బ్రదర్.

నేను శిక్షించమని అప్పగించిన మనిషిని దేవుడు తీసుకెళ్ళి నా పక్క చాప మీద కూర్చోబెట్టాడు.

సంఘ వార్షికోత్సవం నాడు ఆయన చేత సాక్ష్యం చెప్పించారు. నేను వెనకాల వంటలు చూస్తున్నాను. మైకులోంచి అంతా వినబడుతూనే ఉంది. తాగుడు చెప్పాడు. ఆడపిల్లల్ని మాయమాటలు చెప్పి పంపించడం చెప్పాడు. “ఎన్నో అబద్ధాలాడేనండి. ప్రభువు నా నోరు వంకర చేసి, నా బతుకు తిన్నగా చేసేడండి!” అన్నాడు. పందిరంతా హల్లెలూయ అంది. నా పక్కన వంకాయలు తరుగుతున్నావిడ కళ్ళొత్తుకుంది. ఆయన్ని దేవుడు క్షమించేశాడట. మంచిదే. మధ్యలో నన్నొకమాట అడగాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

భోజనాల దగ్గర నాకు సాంబారు బకెట్టు అప్పగించారు. వరసలో ఆయన వచ్చి ప్లేటు పట్టుకుని నిలబడ్డాడు.

“సిస్టర్, నన్ను క్షమించండి,” అన్నాడు.

“దేనికండీ?”

“అన్నిటికీనండి.”

“అన్నీ అంటే ఏంటండీ?”

“టైలరింగ్ అని చెప్పి ఇంటిపనికి పంపేను కదండి.”

“ఇంకా?”

ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. కనుబొమలు దగ్గరకొచ్చాయి. వెనకనించి ఎవరో, “కదలండి బాబూ, అన్నం చల్లారిపోతోంది,” అన్నారు.

“ఇంకేం ఉందండీ?” అన్నాడు చివరికి.

ఆ మనిషికి గుర్తులేదు! ఆరేళ్ళు పొద్దుటా సాయంత్రం నేను మోసింది ఆయన ఎప్పుడో దారిలో పారేసి వెళ్ళిపోయాడు. దేవుడి దగ్గర నేను పెట్టిన ఫిర్యాదు సంగతి ముద్దాయికే తెలియదు.

“మా అమ్మ ఆసుపత్రిలో ఉందని నాకు చెప్పేనని మా వాళ్ళతో చెప్పేరు. అమ్మ పోయేక కూడా నాలుగు నెలలు, అమ్మ నన్ను అడుగుతోందని నాతో చెప్పేరు,” అన్నాను.

“చెప్పలేదాండి నేను?” అన్నాడు. అన్న మరుక్షణం ఆయన మొహం మారిపోయింది. జ్ఞాపకం వచ్చిందని నాకు తెలిసింది. ఒక మనిషి తన తప్పుని మొదటిసారి చూడడం అంత దగ్గర్నుంచి నేనెప్పుడూ చూడలేదు. ఆరేళ్ళుగా ఆ మొహం చూడాలని కోరుకున్నాను. తీరా చూస్తే, చూడడం కష్టంగా ఉంది.

“నాకు కాదండి. మా నాన్నకి చెప్పండి,” అని సాంబారు పోశాను.

మరుసటి ఆదివారం నాలుగు గంటలకి వచ్చాడు. నాన్న అరుగు మీద కూర్చుని పాత వల విప్పి చిక్కులు తీస్తున్నాడు. ఏజెంటు ఎదురుగా నిలబడి, తలవంచుకుని, చాలా మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. మా నాన్నకి రెండేళ్ళుగా చెవుడు. ఇంట్లో మేం అరిచి మాట్లాడ్డానికి అలవాటుపడిపోయి, ఆ సంగతి ఏజెంటుకి చెప్పాలని నాకు తట్టనే లేదు. ఇది నేను పన్నిన పన్నాగం కాదని ఎవరూ నమ్మరు. కాదు.

“ఏంటీ?” అన్నాడు నాన్న.

“అబద్ధం చెప్పేనండి.”

“కొబ్బరా? ఇప్పుడు ధర లేదు బాబూ.”

“కొబ్బరి కాదండి! అబద్ధం! అబద్ధం చెప్పేనండి!”

ఎదురింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చారు.

“ఎవరూ?”

“నేనేనండి! మీ అమ్మాయికి కబురు చెప్పలేదండి! అమ్మగారు పోయిన సంగతి చెప్పలేదండి! ఆ అమ్మాయికి తెలీదండి!” గొంతు చించుకుని అరిచాడు. మెడనరాలు పైకి తేలాయి. కుళాయి దగ్గర బిందెలు ఆగిపోయాయి. వదిన వంటింట్లోంచి బయటికొచ్చి స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. వీధంతా విన్నది. నేను అడిగింది నాన్న చెవిలో చెప్పమని.

నాన్న చేతిలో వల వదిలేశాడు. నావైపు తిరిగాడు. “నీకు తెలీదా?” అన్నాడు.

“తెలీదు నాన్నా. వచ్చినరోజే చెప్పేను కదా.”

“చెప్పేవు,” అన్నాడు. “నిన్ను నమ్మితే ఆణ్ణి చంపాల్సొస్తాది. ఆ ఓపిక నాకు లేదు. అందుకని నమ్మలేదు.”

అప్పుడు నాన్న, ఆరేళ్ళలో మొదటిసారి, అమ్మ గురించి చెప్పాడు. చెవిటివాళ్ళు తమ మాట కూడా తమకి వినబడదన్నట్టు పెద్దగా మాట్లాడతారు. వీధి అంతా విన్నది మళ్ళీ. ఆసుపత్రిలో ఆఖరిరోజు అమ్మ కొంచెం గంజి తాగిందట. నర్సమ్మ జాకెట్టు చూసి, చేతులు సరిగ్గా కుట్టలేదు, మా అమ్మాయయితే బాగా కుట్టేదని చెప్పిందట. చేరిన మొదటిరోజే అన్నయ్య నాకు కబురు పంపిస్తానంటే, “దానికి చెప్పకండి. అక్కడొక్కత్తీ ఎక్కడ కూచుని ఏడుస్తాది?” అందట.

ఆ మాట విని ఏజెంటు తలెత్తాడు. “చూసేరాండి! అమ్మగారే చెప్పొద్దన్నారా?” మొహంలో చిన్న వెలుగు వచ్చింది.

ఈ మాట మాత్రం నాన్నకి ఎలా వినబడిందో! “నువ్వు చెప్పంది ఆవిడ కోసమా?” అన్నాడు.

“కాదండి,” అన్నాడు ఏజెంటు, వెలుగు ఆరిపోయి.

“మరి ఊరుకో.”

ఏజెంటు అలాగే నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. చాలాసేపటికి వదిన మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. గ్లాసు తీసుకుంటూ ఆయన వెక్కివెక్కి ఏడ్చాడు. నాకూ ఏడుపు వచ్చింది, ఆయన కోసం మాత్రం కాదు. అమ్మ చెప్పొద్దనడం నిజమే. చెప్పకపోవడం ఆయన పాపమూ నిజమే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పమంటే నాకు చేతకాదు. అన్నయ్య ఆ సాయంత్రం కర్ర పట్టుకుని వెళ్ళి ఉంటే, ఆయన జన్మలో ఈ మాట ఒప్పుకునేవాడు కాదని మాత్రం తెలుసు. నేనిచ్చిన సలహాల్లో ఒక్కటి పాటించి ఉన్నా దేవుడు నాకు దక్కించేది ఒక శత్రువు కష్టం. అమ్మ ఆఖరి మాటలు దక్కేవి కావు.

ఆ తరవాతి వారం పాస్టరుగారు, “క్షమాపణ గురించి నువ్వు సాక్ష్యం చెప్పాలమ్మా,” అని అడిగారు.

“క్షమించేనో లేదో ఇంకా తెలీదండి,” అన్నాను.

ఆయన నవ్వారు. బ్రదర్ ప్రతి ఆదివారం వస్తున్నాడు. పాటకి ఒక చరణం ముందే అందుకుంటాడు, శ్రుతి అసలు ఉండదు. చిరాకేస్తుంది. అది పాట మీద చిరాకో, పాతదో, ఒక్కోసారి తేల్చుకోలేను. నాన్న మాత్రం నేను మిషను తొక్కుతుంటే పక్కకి కుర్చీ లాక్కుని అమ్మ కబుర్లు చెబుతున్నాడు. చెప్పిందే చెబుతాడు, వీధి చివరిదాకా వినబడేలా చెబుతాడు. కుట్టు తప్పిపోతున్నా నేను ఆపమనడం లేదు.